మళ్ళీ ఖలందర్ భాయ్ గడప తొక్కితే ఒట్టు

మార్చి 2, సోమవారం, మధ్యాహ్నం 12

ఒట్టేసుకున్నా. ఇక నా జాకెట్లు నేనే కుట్టుకుంటా! చేతులు ఇంత బిగుతుగా కుట్టావేంది భాయ్ అంటే టైలర్ ఖలందర్ భాయ్, "పాత కొలతేనమ్మా. కొలత మారలా, మీరే మారారు" అన్నాడు. కొట్టు నిండా ఆడోళ్ళు. ఒకటే నవ్వులు! నీ గడప మళ్ళీ తొక్కితే అడుగు అనేసి వచ్చా.

పదకొండున వినుకొండలో మా ఆడపడుచు పూజ గృహప్రవేశం. పచ్చ పట్టుచీర మీదికి ఉన్నది ఒక్కటే జాకెట్ ముక్క. నేను కుట్టిందే వేసుకెళ్తా.

సాయంత్రం 5

చిన్న మోటారు మిషన్ కొనేశా. అత్తయ్య ఊరుకుంటుందా? "కేకులన్నావు, అల్లికలన్నావు, యోగా అన్నావు. పదకొండేళ్ళ నించి చూస్తన్నా, ఒక్కటన్నా పూర్తి చేశావటే?" చూద్దురుగాని!

దెప్పుతూనే పసుపు కలిపి మిషన్‌కి రాసింది. ముందువైపు దారం బిగించే గుండ్రటి బిళ్ళే దాని మొహమని తేల్చి, అక్కడ ఇంత బొట్టు పెట్టింది.

మార్చి 3

మంగళవారం కొత్త పని మొదలెట్టకూడదట. సరే.

మార్చి 4, ఉదయం 10

పాత లంగా గుడ్డ మీద కుట్టా. ముత్యాల్లాంటి కుట్టు! పుట్టుకతోనే వచ్చిందేమో నాకీ విద్య.

10:05

తిప్పి చూశా. అడుగున అంతా ఉచ్చులే. ఒక్క లాగు లాగితే మొత్తం ఊడొచ్చింది.

11:00

పైదారం వదులైతే అట్టా పడతాయంట, యూట్యూబ్‌లో ఒకామె చెప్పింది. బిళ్ళ మూడు మీదుంటే అయిదుకి తిప్పా. ఉచ్చులే. ఏడు. ఉచ్చులే. తొమ్మిది. ఇంక అంకెల్లేవు.

మార్చి 5

సూది మార్చా. దారం మార్చా. అడుగుదారం చుట్టిన బాబిన్ తిరగేసి పెట్టా. బాబిన్ కేసు స్క్రూ విప్పితే ఎగిరిపడింది. మంచం కింద దేకి దేకి గంటకి పట్టుకున్నా. ఉచ్చులు మాత్రం పోలా.

"దిష్టి తగిలిందే" అని అత్తయ్య ఇంకో బొట్టు పెట్టింది.

మార్చి 6, శుక్రవారం

అత్తయ్య తలంటు పోసుకొని మరీ పూజ చేసింది. పసుపు, గంధం, కొబ్బరికాయ. ఆ తర్వాత ఉచ్చులు ఇంకా పెద్దవయ్యాయి! మిషన్ని ఒక్కటి పీకా. చెయ్యి వాచింది.

మార్చి 7

అసలు ఈ ఎండల్లో పట్టుచీర ఎందుకు? చుడీదార్ వేసుకుంటే ఎవరొద్దన్నారు? పైగా చెయ్యి నొప్పి.

మార్చి 8

తెగించి ఆ ఒక్క ముక్కా కోశా, కుట్టా, తొడుక్కున్నా. జడ వేసుకుందామని చెయ్యెత్తితే జాకెట్ చెయ్యి ఊడి మోచేతి మీద పడింది. కూర్చొని ఏడ్చా.

మార్చి 9, ఉదయం 11

అత్తయ్య గుడికి పోయింది. మిషనూ ముక్కలూ ఆటోలో వేసుకొని ఖలందర్ భాయ్ కొట్టుకి పోయా. గడప తొక్కనన్నాగా, ఆటోలోంచే పిలిచా. ఆయనే బయటికొచ్చి బిళ్ళ విప్పి గుడ్డతో తుడిచాడు. పసుపు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.

"దారం ఈ రెండు రేకుల మధ్య నలిగి రావాలమ్మా. మధ్యలో ఇంత పసుపుంటే రేకులు మూసుకుంటాయా? బొట్టు కావాలంటే పక్కన పెట్టుకోండి."

తర్వాత ముక్కలు చూశాడు. "ఇవెవరు కోశారు?" నేను ఆటో మీటరు చూస్తా కూర్చున్నా. "సరే, రేపిస్తా. కొలత?"

ఆటో దిగా. గడప తొక్కా. కొత్త కొలతే ఇచ్చా.

మార్చి 11, వినుకొండ

అతికినట్టు కుదిరింది! "ఎవరు కుట్టారు వదినా?" అంది పూజ. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "మా స్వాతే! పది రోజులు కిందామీదా పడింది గానీ వదిలిపెట్టలా. ఆ పట్టుదల నాక్కూడా లేదు." పందిరంతా వినపడింది.

పదకొండేళ్ళలో నా గురించి ఆవిడ నోటెంట వచ్చిన మొదటి మంచి మాట. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాదనకుండా తలూపేశా. సిగ్గుగానూ ఉంది, చానా సంతోషంగానూ ఉంది.

భోజనాలయ్యాక తాంబూలంతో ఇచ్చిన జాకెట్ ముక్కల్ని ఆరుగురు తెచ్చి నా ఒళ్ళోనే పెట్టారు, కుట్టిపెట్టమని. ఏడోది అత్తయ్యది.

మార్చి 12, ఉదయం 6

ఆ ఆరూ ఖలందర్ భాయ్‌కి ఇచ్చేస్తా. ఎవరికీ తెలీదు. అత్తయ్యది మాత్రం నేనే కుడతా. నలుగురిలో ఆవిడన్న మాట అబద్ధం కాకూడదు. పది రోజుల్లో పూర్తి చేస్తా. ఒట్టు!