మీవైపే వస్తున్న ఎలుగు

అమ్మా, ఈ చర్చిల్ ఊళ్లో నేను క్షేమమే, దిగులు పెట్టుకోకు.

నిన్న యాత్రికులను మంచుబయలు మీద తిప్పుతుంటే ఒక తెల్ల ఎలుగు మా బండికి ముందుకాళ్లు ఆనించి నిలబడింది. నోటికొచ్చినట్టు మన మంచుసీమ భాషలోనే, “సముద్రం ఇంకా గడ్డకట్టలేదు, వేటకు కాస్త ఓపిక పట్టు తల్లీ” అన్నాను.

వెనక సీటు ముసలాయన నవ్వి, “దానికి మీ భాష వచ్చా అమ్మాయ్?” అన్నాడు.

“ఇక్కడ నా భాషలో పలకరించడానికి అదొక్కటే దొరికిందండీ” అన్నాను. ఆయన మరి నవ్వలేదు.

ఎలుగు తీరం వెంట ఉత్తరంగా, మీవైపే నడిచింది. నాన్నను వలల దగ్గరికి ఒంటరిగా పంపకు. కుక్కలకు తిండి సరిపోతోందా? ఎండబెట్టిన కారిబూ జింక మాంసం కొంచెం పంపు. చెల్లి ఉలాయుక్‌కు ముద్దులు.

ఫోను చేయలేదని కోప్పడకు. గొంతు వింటే కనిపెట్టేస్తావు.

నీ తగాలిక్