కోటకు రెండో కాపలావాడు

12 నవంబరు 1998, గురువారం

మోకాలు చూపించుకోవడానికి రామకుప్పం నుంచి బావ వచ్చాడు. ఆసుపత్రి పని కాగానే, అక్క పంపిన చెనక్కాయల సంచీ తీసుకుని భోజనానికి ఇంటికొచ్చాడు. బల్ల మీద నేను ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన కోటను చూసి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. డ్రాగన్ బొమ్మను పక్కకు జరిపి, కోట చుట్టూ ఉన్న కందకాన్ని వేలుపెట్టి కొలిచాడు.

"ఇది సాలదమ్మా. మా చేని సుట్టూ నిలువెత్తు గుంత తీసినాం. ఏనుగు కాలితో గట్టుమట్టి లోపలికి తోసి, దాని మీదే నడిసొచ్చేస్తాది."

ఈ కోట మీదికి వచ్చేది డ్రాగన్, ఏనుగు కాదన్నాను.

"ఏదొచ్చినా కాపలా ఎవురు?"

బురుజు మీది సిపాయిని చూపించాను.

"ఒక్కడేనా? తెల్లారేలోపల కునుకు తీస్తాడు. ఇద్దరుండాల."

మూడు వారాలుగా కడుతున్న కోటకు వంక పెట్టాడని ఉడుకుమోత్తనం వచ్చింది నాకు.

"మరి నీ మంచె మీద ఎవురుంటారు బావా?"

"నేనే." మోకాలి పట్టీ సర్దుకున్నాడు. "ఇంకెవురుండారు?"

పరుగెత్తకూడదు, ఎత్తులు ఎక్కకూడదు అన్నాడట డాక్టరు. రాగులు కోతకొచ్చాయని రెండు గంటల బస్సుకే వెళ్లిపోయాడు.

ఇప్పుడే డబ్బా అంతా వెతికి, బురుజు మీద రెండో సిపాయిని నిలబెట్టాను. అక్కకు ఉత్తరం రాయాలి. ఏమని రాయను...

బావ ఈపాటికి మంచె ఎక్కి ఉంటాడు.