వెనక సీట్లో కూర్చుని

బావగారూ,

మీరు పోయి ఏడాదైంది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు, అయినా మీకే చెప్పాలి.

అక్కకి మోకాలి ఆపరేషన్ అయితే ఇవాళ రాజమండ్రి ఆసుపత్రి నుంచి మొగల్తూరు తీసుకొచ్చాను. "నీ కారు వద్దురా, మీ బావగారిది తీసుకురా" అంది.

ప్రతి పెళ్లిలోనూ పదిమంది ముందు మీ అమెరికా కారుని దున్నపోతన్నాను. నా జర్మనీ కారు సోకు చూడండి, తలుపు వేస్తే ఆ చప్పుడు వినండి, కాలవగట్టు మలుపుల్లో ఎలా చెప్పినమాట వింటుందో చూడండి అని ఊదరగొట్టాను. మీరు నవ్వి, "ఓసారి వెనక కూర్చుని చూడవయ్యా" అనేవారు. నేను స్టీరింగ్ వదిలితే కదా!

ఇవాళ దారిలో అన్ని గోతులున్నా అక్క వెనక సీట్లో హాయిగా నిద్రపోయింది. దిగేటప్పుడు అంది: "నీ కారులో నడుం పట్టేసేదిరా. మలుపు వస్తే చాలు, దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఆయనే వద్దనేవారు."

ఇది మీ కారు వెనక సీట్లో కూర్చునే రాస్తున్నాను. అక్క లోపల్నుంచి టీకి పిలుస్తోంది. దిగి ఆవిడకి మొహం చూపించలేకపోతున్నానండి.