నాన్న ప్రీమియం పెరిగింది

పిచ్చుకా,

మన హెల్త్ పాలసీలో మీ నాన్న ప్రీమియం పెరిగిందని కాగితమొస్తే పట్టుకుని ఇన్సూరెన్స్ ఆఫీసుకెళ్లాను. ఎందుకు పెరిగిందని గుమాస్తాను అడిగాను.

"తలనొప్పని వెళ్తే ఆస్పత్రిలో తొమ్మిది పరీక్షలు రాస్తున్నారమ్మా. ఆ ఖర్చు తిరిగి తిరిగి అందరి నెత్తినా పడుతుంది. పైగా సారుకి అరవై అయిదు నిండాయి," అన్నాడు.

"ఆయన పోయి నాలుగు నెలలైంది నాయనా. ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. పోయినవాళ్లకూ వయసు పెరుగుతుందా?"

పాపం, నాలుక కరుచుకున్నాడు. మనమెవరమూ చెప్పలేదుగా, కంప్యూటర్ ఆయనకు పుట్టినరోజు చేసేసిందట. నేను సంతకం పెడితే పేరు కొట్టేస్తానన్నాడు.

పెన్ను పట్టుకున్నాను గానీ చెయ్యి కదల్లేదే తల్లీ. "ఉండనీ బాబూ, జబ్బు పడని మనిషి మీకింకెవరు దొరుకుతారు?" అన్నాను. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మెట్లు దిగాక ఏడుపొచ్చింది.

వారంలోగా సంతకం పెట్టకపోతే ఆయన డబ్బూ కట్టాల్సిందేనట. సోమవారం సెలవు పెట్టుకుని రా. నువ్వు పక్కన కూర్చుంటే పెట్టేస్తాను, ఒక్కదాన్నే ఆయన పేరు కొట్టెయ్యలేను.

వేళకి కడుపునిండా తిను.