మర్యాద మానేసిన వీధి

ప్రియమైన చెల్లెలు నెస్టాకు,

అన్నయ్య ఎమ్రిస్ ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. మోకాళ్లు మాత్రం కులాసాగా లేవు, వాటి సంగతి అవే రాసుకోవాలి. కార్డిఫ్‌లో నువ్వూ, నీ ముసలి పిల్లీ క్షేమమని తలుస్తాను. అక్కడ వానలు వదలడం లేదని రాశావు. ఇక్కడ బాదం చెట్ల మీద దుమ్ము తప్ప ఏమీ పడడం లేదు.

జవాబు ఆలస్యమైంది. బద్ధకం కాదు, నువ్వడిగింది చిన్న ప్రశ్న కాదు. "ఇల్లు అమ్మేశాను, స్పెయిన్ వచ్చేస్తాను, మిగిలిన రోజులు ఇద్దరం ఒక్కచోట ఉందాం. కానీ ఎక్కడ? నీ కొండ పల్లెలోనా, క్లిఫర్డ్ చెప్పిన సముద్రపు ఒడ్డునా?" అన్నావు. నువ్వెక్కడంటే అక్కడ ఉంటానని మాట ఇచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను. ఎంచుకునే ముందు ఈ ఉత్తరం మాత్రం పూర్తిగా చదువు.

ముందు క్లిఫర్డ్ సంగతి తేల్చుకోనీ. కాలం చేసిన మీ ఆయనకు స్నేహితుడు కదా అని ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నాను. పోయిన వారం బస్సెక్కి అతని కాలనీకి వెళ్లి, నీకోసం చూసిపెట్టిన ఫ్లాటు చూశాను. అబద్ధమెందుకు, బాగుంది. లిఫ్టు ఉంది. వసారాలో నిలబడితే సముద్రం మన పాదాల కిందకే వచ్చినట్టుంటుంది. డాక్టరు ఇంగ్లీషే మాట్లాడతాడు, రొట్టెల కొట్టువాడూ ఇంగ్లీషే.

"పాతికేళ్లయిందయ్యా ఇక్కడికొచ్చి! స్పానిష్ ఒక్క ముక్క నేర్చుకోలేదు. అవసరమే పడలేదు తెలుసా?" అన్నాడు క్లిఫర్డ్, పతకం చూపించినట్టు.

"మీ ప్రహరీ గోడక్కూడా పడలేదు క్లిఫర్డ్," అన్నాను. ఆ తర్వాత టీలోకి బిస్కట్లు రాలేదు.

పరాయి దేశంలో ఎక్కడ స్థిరపడాలో చెప్పే పుస్తకాలు నువ్వు పంపినవీ చదివాను, పంపనివీ చదివాను. ఎండ ఎంత కాస్తుందో, రొట్టె ఎంత చవకో, విమానాశ్రయం ఎంత దూరమో అన్నీ రాశారు ఆ మహానుభావులు. సాయంత్రం పూట పక్కన ఎవరు కూర్చుంటారో ఒక్కడూ రాయలేదు. వాళ్లెవరూ సాయంత్రం దాకా ఒక ఊళ్లో ఆగినట్టు లేదు.

నీ భయం రెండు భాషల గురించి. "స్పానిష్ నేర్చుకోవడమే గగనం, మీ ఊళ్లో ఇంకోటి కూడానా?" అని. నిజమే. కాగితాలకూ డాక్టరుకూ స్పానిష్, వీధికి ఈ ప్రాంతపు సొంత భాష వాలెన్సియన్. కరెంటు బిల్లు రెండింటిలోనూ వస్తుంది. రెండింటిలోనూ కట్టాల్సింది ఒకసారే, కంగారుపడకు. డాక్టరమ్మ స్పానిష్ నెమ్మదిగా మాట్లాడుతుంది, నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపిస్తే ఏ భాషా అడగదు.

ఇక నా మొదటి వేసవి గురించి నీకు ఎప్పుడూ రాయలేదు కదూ? పొద్దు వాలగానే ఈ వీధిలో అందరూ కుర్చీలు బయటికి తెచ్చుకుంటారు. గోడలు పగలంతా తాగిన వేడిని మెల్లగా వదులుతుంటాయి, పైన పిట్టలు ఆకాశాన్ని గుడ్డలా చింపుతుంటాయి, మల్లెలు ఎవరింటివో తెలియదు. నేనూ కుర్చీ తెచ్చి నా గుమ్మం ముందు వేసుకుని, ఎవరైనా వచ్చి పలకరిస్తారని చూశాను. వచ్చేవాళ్లంతా తల వంచి, గొంతు తగ్గించి ఒక మాట అని దాటిపోయేవారు. వేసవి అంతా అంతే. ఎంత పొగరు వీళ్లకి అనుకున్నాను. నా పెదవి ఎలా బిగుసుకుంటుందో నీకు తెలుసు.

చలికాలం మొదలయ్యాక ఎదురింటి రెమేయి రొట్టెల కొట్టు దగ్గర చెయ్యి పట్టుకుంది. ఎనభై దాటిన మనిషి, నాలుక మాత్రం ఇరవై దాటలేదు.

"ఏమయ్యా, మీ ఇంట్లో పోయినవాళ్లు ఎవరు? ఇన్నాళ్లుగా అడగలేక చస్తున్నాం."

"ఎవరూ పోలేదమ్మా!"

"మరి సొంత గుమ్మంలో ఒక్కడివే కూర్చున్నావేం, మైల పట్టినవాడిలా? కుర్చీ ఇంకొకరి గుమ్మానికి మోసుకెళ్లాలి గానీ! చచ్చినవాళ్ల ఇంటివాళ్లే అలా కూర్చుంటారు. నీ ఏడుపు చెడగొట్టకూడదని వీధంతా గుసగుసలాడుతూ నడిచాం."

ఊరంతా నా కోసం సంతాపం పాటించింది నెస్టా, నేను వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఎండలో గొడుగు వేసుకుని తిరిగేవాణ్ని కాబట్టి అప్పటికే నాకు గొడుగు అని పేరు కూడా పెట్టేశారట. ఇప్పటికీ అదే పేరు.

మరుసటి వేసవి నా కుర్చీ రెమేయి గుమ్మానికి మోసుకెళ్లాను. అందరూ జరిగి చోటిచ్చారు. అప్పుడు జరిగింది చెబుతాను విను. నారింజ తోటల బతిస్త ఏదో కథ చెబుతున్నాడు, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను కూర్చోగానే కథ మధ్యలోనే స్పానిష్‌లోకి మారిపోయింది. ఎవరూ చెప్పుకోలేదు, కళ్లతోనైనా అనుకోలేదు. దీపం ఆర్పి వేరే దీపం వెలిగించినట్టు అందరూ ఒక్కసారే మారారు. బతిస్త కథ పూర్తయింది గానీ నవ్వు సగమే వచ్చింది.

నీకు గుర్తుందా, క్వారీ మేనేజరు భార్య, ఆ హార్‌గ్రీవ్స్ దొరసాని, ఆదివారాలు మనింటికి టీకి వచ్చేది? ఆమె గడపలో అడుగు పెట్టగానే గదిలో అందరూ మన వెల్ష్ భాష మింగేసి ఇంగ్లీషు తీసేవాళ్లు. అంతవరకు గలగలా మాట్లాడుతున్న అమ్మ, ఇంగ్లీషు రాక, టీ పోసి మూలన నిలబడేది. ఆ దొరసానిని నేను ఇన్నేళ్లూ క్షమించలేదు. రెమేయి గుమ్మం దగ్గర కూర్చుని, బతిస్త సగం నవ్వు వింటూ, ఆమె కూర్చున్న కుర్చీలో నేను కూర్చున్నానని తెలిసింది. పాపం, ఆమె కూడా ఎవరినీ మారమని అడగలేదు.

"మీ భాషలోనే మాట్లాడుకోండి," అని బతిమాలాను.

"మర్యాదనేది ఒకటుంది గొడుగూ," అంది రెమేయి. "నీకర్థం కాని మాట నీ ముందు అంటే వెనక అన్నట్టే."

"అయినా పర్లేదు."

"అయితే నిన్నే తిట్టుకుంటాం మరి!" అన్నాడు బతిస్త.

"తిట్టుకోండి."

తిట్టలేదు. ఆ వేసవీ, తర్వాతి వేసవీ నా కోసం వీధి వీధంతా పరాయి భాష మోసింది. నేను లేచి వెళ్లగానే నా వెనక అసలు నవ్వులు మొదలయ్యేవి. అవి మంచం మీద పడుకుని వినేవాణ్ని, దూరపు వాగు చప్పుడులా.

ఈ వేసవిలో బతిస్త కొడుకు పెళ్లి భోజనం గురించి గొడవ వచ్చింది. వంటవాడు అన్నంలో ఉల్లిపాయ వేశాడట. ఉల్లి పడితే అన్నం మెత్తబడిపోతుందట, ఇక్కడ అది చిన్న సంగతి కాదు. బతిస్త వేస్తే తప్పేమిటంటాడు, రెమేయి అది అన్నమా గంజా అంటుంది. స్పానిష్‌లోనే మొదలైంది. కానీ ఆ కోపానికి స్పానిష్ చాల్లేదు. మాట మీద మాట లేచి, ఎప్పుడు మారిందో గానీ మొత్తం వాలెన్సియన్‌లోకి జారిపోయింది. నేనున్నానని అందరూ మరిచిపోయారు. కదిలితే గుర్తొస్తుందని ఊపిరి బిగబట్టాను.

చివరికి రెమేయి నా మోకాలి మీద కొట్టి, అదే భాషలో, "నువ్వు చెప్పు గొడుగూ! నువ్వు వేస్తావా ఉల్లిపాయ?" అంది.

వచ్చీరాని మాటలు కూడగట్టుకుని, "వేస్తాను. రెండు," అన్నాను.

రెమేయి చేతికర్ర నేలకేసి కొట్టింది.

"రెండా! దిక్కుమాలినవాడా! ఇన్నాళ్లూ నా పక్కన కూర్చోబెట్టుకుంది ఇలాంటివాణ్నా? ఈ రోజు నుంచి నా గుమ్మంలో నీకు మంచినీళ్లు కూడా పుట్టవు, పో!" అని రెమేయి మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా తిట్టింది. నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కానవసరం లేదు. ఆ రాత్రికి ఉల్లిపాయ లేని అన్నం గిన్నెడు నా గుమ్మంలో పెట్టి వెళ్లింది.

అప్పటి నుంచి నాకు మర్యాద లేదు నెస్టా. ఎవరూ నా కోసం భాష మార్చడం లేదు. మొన్న సాయంత్రం వాళ్ల మధ్యే కుర్చీలో నిద్రపోయాను. స్పానిష్‌లో మాట్లాడినంత కాలం కునుకు రాలేదు, నా కోసం మాట్లాడుతుంటే నిద్రపోవడం ఎలా? మొన్న మాటలు నా మీదుగా, నన్ను పట్టించుకోకుండా పారుతున్నాయి. ఆ మగతలో అది ఏ భాషో తెలియలేదు. మన వంటిల్లే అనుకున్నాను. కెటిల్ మరుగుతోంది, బయట వాన, బల్ల కింద నీ కాళ్లు నా కాళ్లకు తగులుతున్నాయి, అమ్మ ఎవరినో గట్టిగా ఎగతాళి చేస్తోంది. పరాయివాళ్లెవరూ రాలేదు కాబట్టి అమ్మ నోరు మూసుకోలేదు. కళ్లు తెరిచేసరికి బతిస్త నా ఒళ్లో బాదం పప్పులు ఒలుస్తున్నాడు, నా ఒడిని పళ్లెం చేసుకుని.

ఇక ఒక మాట దాచాను. ఒంటరితనం నాకు బాగా పడుతుందని ప్రతి ఉత్తరంలోనూ గొప్పలు రాశాను. పడదు. నీ ఉత్తరం అందిన రోజునే, నువ్వు ఏది ఎంచుకుంటావో తెలియకుండానే, కుర్చీలు అల్లే ఆయన దగ్గరికి వెళ్లి ఇంకో కుర్చీ చేయించాను. నీ నడుముకని వీపు కాస్త ఎత్తుగా. నా కుర్చీతో పాటు రోజూ దాన్నీ మోసుకెళ్లి, పక్కన ఖాళీగా వేసుకుని కూర్చుంటున్నాను. ఎవరైనా అడిగితే "మా చెల్లెలిది" అంటున్నాను.

సముద్రపు ఒడ్డు ఫ్లాటు నీ జవాబు అందేదాకా ఎవరికీ ఇవ్వవద్దని క్లిఫర్డ్‌కు చెప్పాను, బిస్కట్ల అవమానం దిగమింగుకుని. నువ్వు అదే అంటే రెండు కుర్చీలూ బస్సెక్కించి వస్తాను, సణగను. సణుగుతాను గానీ వస్తాను.

నిన్న పట్నం నుంచి రెమేయి మేనకోడలు వచ్చింది. చోటు లేక నీ కుర్చీలో కూర్చోబోయింది. నేను నోరు తెరిచేలోపే రెమేయి చేతికర్ర అడ్డం పెట్టి, వాళ్ల భాషలోనే అరిచింది:

"అందులో కాదే! అది నెస్టాది."

ఇట్లు,
నీ అన్నయ్య ఎమ్రిస్,
ఈ వీధిలో గొడుగు