పొద్దున గోధుమ, సాయంత్రం జొన్న

నారాయణఖేడ్ దగ్గర, మన ఊరు
9 ఫిబ్రవరి 2025

దుర్గేశ్ అన్నకు ఉమారాణి దండాలు.

మొదట క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాయిన, అవ్వ, మన పిండి గిర్ని, రెండు మేకలు, అందరం క్షేమమే. భీమమ్మ గురించి మాత్రం అలా రాయలేను. ఫోన్ చేద్దామంటే నాయిన పక్కనే కూర్చుంటున్నాడు.

నీకు సగమే తెలుసు. తన చేను మధ్య నుంచి ట్రాక్టర్‌కు బాట ఇవ్వమని ఊరి కమిటీ చెబితే, భీమమ్మ ఇవ్వనని ఖేడ్ వెళ్లి పోలీసులకు చెప్పుకుంది. మరునాడే డప్పు కొట్టి చాటింపు వేశారు: ఆమెతో మాట్లాడొద్దు, ఉప్పు అమ్మొద్దు, పిండి పట్టొద్దు; పట్టినవాళ్లకూ అదే గతి. ఆ ట్రాక్టర్ కమిటీ పెద్ద బాలకిషన్‌దే అని వేరే చెప్పాలా?

ఆమె జొన్నల సంచిని నాయిన గిర్ని గడప నుంచే తిప్పి పంపాడు. నేను అడ్డం పడితే, "పెద్దల మాట ఇనుడే మంచితనం. నీ డిగ్రీ సదువుల ఈ మాట చెప్పలేదా?" అన్నాడు. ఎవరి పిండిలోనూ పిడికెడు తీసుకోని మనిషి! కానీ చెప్పింది ఎవరో చూస్తాడు, ఏం చెప్పారో చూడడు. నువ్వూ అంతే, "నాయిన చెప్పినట్టు ఇను" అన్నావు. చదువైపోయి గిర్ని దగ్గర కూర్చున్న నాకు, తల ఊపడం తప్ప ఇంకేం రాకుండా పోతుందేమోనని భయంగా ఉంది.

నిన్నటి తమాషా విను. మన గిర్నిలో పొద్దున గోధుమ, సాయంత్రం జొన్న కదా. కట్టేసేముందు తవుడు వేసి తిప్పితే రాళ్ల మధ్య మిగిలిన జొన్నపిండి పోతుంది. నిన్న పొద్దున మొదటి గోధుమలు బాలకిషన్ ఇంటివి. మధ్యాహ్నం ఆయనే పిండి డబ్బా పట్టుకొని వచ్చి, "ఏందిరా కిష్టప్పా, నా గోధుమల జొన్న కలిసింది! చపాతీలు చినుగుతున్నయ్, ఇంట్ల ఆడోళ్లు నన్ను తింటుండ్రు" అని నాయిన మీద అరిచాడు. "పోనీ, వాళ్లకైన కడుపు నిండింది గద పటేలా" అన్నాను. నాయిన నన్ను ఉరిమి చూసి, చేతులు కట్టుకొని, "రాత్రి తవుడు తిప్పుడు మర్సిన పటేలా, తప్పైంది" అన్నాడు.

తవుడు తిప్పింది నేనే. మరిచిపోలేదు. పెద్దమనిషి ముందు లేని తప్పు ఒప్పుకోవడం ఏం మంచితనం, అన్నా?

గురువారం నాయిన గిర్ని బెల్టు కోసం ఖేడ్ పోతాడు. ఆ పగలు తలుపులు తెరిచి భీమమ్మ జొన్నలు పడతాను. ఊరు మన గిర్నికి రావడం మానేస్తే నువ్వు పంపేదే ఇంటికి దిక్కు. అందుకే ముందుగా చెబుతున్నాను, అనుమతి అడగడం లేదు.

నీ చెల్లె,
ఉమారాణి

తా.క.: కవరు అతికించేలోపు భీమమ్మకు చెప్పొద్దామని వెళ్లాను. ఆమె నవ్వింది. "మీ నాయిన తెల్లారకముందే పట్టి ఇస్తుండు గద బిడ్డా. మోటరు చప్పుడేందని అడిగితె బెల్టు చూస్తున్న అంటడు. నిన్న జర ఆలస్యమై తవుడు తిప్పలే. నీకు చెప్పొద్దన్నడు, నీ నోరు ఆగదంట."

అయితే గురువారం అక్కర్లేదా అన్నాను. నవ్వు ఆపేసింది. "చీకట్ల తెచ్చుకుంటే నా పిండే దొంగసొమ్ము లెక్కుంటది. పగటీలి నెత్తిన పెట్టుకొని బజారు నడుమ నుంచి వస్త."

ఇంటికొచ్చి నాయినకు అంతా చెప్పేశాను. గురువారం ఖేడ్ పోవా అంటే పోనన్నాడు. "రాయి అరిగింది, గంట్లు కొట్టాలె. పగటీలి భీమమ్మ జొన్నలు పడితె మంది చూస్తరు. పిండి మెత్తగ పడాలె."