డ్రైవర్ కావాలంట

27 జనవరి 1997, సోమవారం. ఆత్మకూరు

ఎస్టీడీ బూత్ మల్లికార్జునం జీపుకు అడ్డం వచ్చి ఆపాడు. మద్రాసు నుంచి షణ్ముగం సార్ ఫోన్ చేశారట. డ్రైవర్ కావాలంట, నీ గురించే అడిగినాడు, శనివారం లోపల చెప్పాలంట అన్నాడు. ఏ డ్రైవర్ అని అడిగాను. ఏ డ్రైవరేందిరా, డ్రైవరంటే డ్రైవరే గదా అన్నాడు.

ఉదయగిరి దాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఇద్దరు పాసింజర్లను వాళ్ళ ఊళ్ళో దించడం మరిచిపోయాను. తిట్టారు.

28, మంగళవారం

మద్రాసులో రేసు కారు నడిపేవాణ్ణి డ్రైవర్ అనే అంటారు. అక్కడ ఆ మాట వింటే ఛాతీ ఉబ్బేది. ఇక్కడ డ్రైవర్ అంటే సైమన్ బావ జీపు తోలే నేను.

తొంభై రెండులో శోలవరంలో రేసు గెలిచినప్పుడు నన్ను మొదట పిలిచింది షణ్ముగం సారే. ఆయనది చిన్న రేసు షెడ్డు, పాత కార్లు. నేను పోలేదు. పెద్ద కంపెనీ టీమ్ నాకు బ్లేజర్ కుట్టించింది, ఫారిన్ పంపిస్తామంది. రెండు సీజన్లు ఒక్క రేసూ ఇవ్వకుండా రిజర్వ్‌లో కూర్చోబెట్టింది. కోపమొచ్చి ఇంకో టీమ్‌కి మారాను. అది ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఎక్కడ తప్పటడుగు వేశానో ఇప్పటికీ తెలియదు. వేసిన ప్రతిసారీ సరైన అడుగే అనిపించింది.

సార్‌కి మోకాళ్ళ నొప్పులని విన్నాను. ఇంటి కారుకేమో. నా బతుకు తెలిసి జాలిపడ్డారేమో. రేసుకే అయితే? ఈ వయసులో నన్ను ఇంకెవరు పిలుస్తారు?

29, బుధవారం

మా ఆవిడ కరుణశ్రీకి చెప్పాను. ఫోన్ చేసి అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా అంది. నిజమే. కానీ ఏమని అడగాలి? సార్, ఏ డ్రైవర్ అనా? ఇంటి కారుకే అంటే ఇంట్లో దీని మొహం ఎట్లా చూడాలి?

30, గురువారం సాయంత్రం

ఫోన్ చేశాను. సార్ గొంతే. హలో, హలో అన్నారు. రాంగ్ నంబర్ అని పెట్టేశాను.

1 ఫిబ్రవరి, శనివారం

తేల్చేశాను. మా చర్చి యేసురత్నం లారీ పని పోయి ఖాళీగా ఉన్నాడు. నెమ్మదస్తుడు, తాగడు. సాగర్ పంపించాడని చెప్పు, డ్రైవర్ పనికి వచ్చానని చెప్పు అని మద్రాసు బస్సెక్కించాను. నాకు ఎవరి జాలీ వద్దు.

మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

4, మంగళవారం

యేసురత్నం తిరిగొచ్చేశాడు. ఆడ అంతా తిక్కోళ్ళుండారన్నా అన్నాడు. షెడ్డులో కారు చూపించారట. లోపల సీట్లన్నీ పీకేసినారు, ఒకటే ఉండాది, మరి సారు యాడ కూర్చుంటాడని అడిగినాను, అందరూ నవ్వినారు, సారొక్కడే నవ్వలా అన్నాడు.

కారు తలుపు మీద నా పేరు రాసి ఉందట. వీడు బయల్దేరేటప్పటికి తుడుస్తున్నారట. ఎగతాళికి నిన్ను పంపినాడా అని సార్ అడిగారట. ఈ ఆదివారం రేసుకి కోయంబత్తూరు కుర్రవాడెవరినో పిలిపిస్తున్నారట.

బూత్‌కి పరిగెత్తాను. నేను సార్, సాగర్‌ని అన్నాను. రాంగ్ నంబర్ అని పెట్టేశారు.

అంటే మొన్న గురువారం నేను రాంగ్ నంబర్ అన్నప్పుడే నన్ను గుర్తుపట్టారు. గుర్తుపట్టి, శనివారం దాకా నా కోసం చూశారా? చూస్తే, మళ్ళీ ఎందుకు పిలవలేదు? నేనెందుకు అడగలేదు? బూత్‌లోనే ఏడ్చాను. మల్లికార్జునం ఫ్యాన్ వేసి బయటికి పోయి నిలబడ్డాడు.

6, గురువారం

కరుణశ్రీ నా పళ్ళెంలో అన్నం పెట్టి, అవతలికి పోయి బట్టలు మడత పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

9, ఆదివారం

చర్చికి పోలేదు. మద్రాసులో రేసు మొదలయ్యే వేళకి మర్రిపాడు రోడ్డు పక్కన జీపు ఆపి సీట్లు విప్పాను. నాది ఒకటే ఉంచి, మిగతావి తుమ్మచెట్టు కింద పెట్టాను. ఎందుకో తెలియదు. మళ్ళీ స్టార్ట్ చేశాను.

మలుపులో రోజూ ఎక్కే కోటమ్మవ్వ మూట నెత్తిన పెట్టుకుని చెయ్యెత్తింది. ఆపాను.

నేను యాడ కూర్చోవాల నాయనా అని అడిగింది.